పెట్టె మీద రాత, పెట్టెలో సరుకు: లినక్స్‌లో ఆడియో, యూఎస్‌బీ డ్రైవర్ల దోషాలను దిద్దేదెలా?

నెల్లూరులో మా మేడమీద గదిలో పద్యనాటక కళాకారుల గొంతులు రికార్డు చేసే చిన్న ఏర్పాటు ఉంది. ముందు హార్మోనియం విడిగా రికార్డు చేసుకుంటాం. తరువాత గాయకుడు దాన్ని హెడ్‌ఫోన్స్‌లో వింటూ పద్యం పాడతాడు. కంప్యూటర్‌లో ఉన్నది లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. మైకునూ హెడ్‌ఫోన్స్‌నూ దానికి కలిపేది అరచేతి మందం యూఎస్‌బీ ఆడియో పెట్టె. కోవూరు నుంచి వచ్చే మాస్టారు ఒకరు ఒకనాడు రాగం తీస్తూ మధ్యలో ఆపేసి, "నాయనా, చెవిలో ఎవరో చిటిక వేస్తున్నట్టుంది, శ్రుతి నిలవడం లేదు" అన్నారు. హెడ్‌ఫోన్స్ నేను పెట్టుకుని విన్నాను. సుమారు ఇరవై సెకన్లకొకసారి 'టప్' అని చిన్న చప్పుడు వస్తోంది. ఆశ్చర్యమేమిటంటే, రికార్డయిన ఆయన గొంతులో ఆ చిటిక జాడ కూడా లేదు.

వైరు మార్చాను, పోర్టు మార్చాను, ఫ్యాను ఆపాను. మార్పు లేదు. విండోస్ ఉన్న మరో కంప్యూటర్‌లో, తయారీదారు ఇచ్చిన డ్రైవర్‌తో, అదే పెట్టె నిక్షేపంగా పనిచేసింది. ఇలాంటప్పుడు "లినక్స్‌లో ఆడియో ఇంతే" అని చేతులు దులుపుకునేవారు ఎక్కువ. ఆ మాటలో కొంత నిజం ఉన్నా, ఎందుకు ఇంతే అన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు. ఆ జవాబు కోసం, పరికరానికీ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య మాటలు మోసే డ్రైవర్ అనే ప్రోగ్రాము, ఆ మధ్యవర్తి, ఏం చేస్తాడో, ఎక్కడ మోసపోతాడో చూడాలి.

కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. మెమరీని, ప్రాసెసర్ సమయాన్ని, పరికరాలను ప్రోగ్రాములకు పంచిపెట్టేది అదే. 1991లో హెల్సింకిలో చదువుకుంటున్న లీనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ కెర్నల్ ఇప్పుడు మూడు కోట్ల పంక్తులు దాటింది, అందులో సింహభాగం డ్రైవర్లదే. ధ్వనికి సంబంధించిన భాగాన్ని అల్సా అంటారు. యారొస్లావ్ కిసెలా ఒక సౌండ్ కార్డు కోసం మొదలుపెట్టిన పని అది; 2002లో కెర్నల్ అభివృద్ధి శాఖలో చేరి, 2003 డిసెంబర్‌లో వచ్చిన 2.6 వెర్షన్ నుంచి ప్రధాన ధ్వని వ్యవస్థ అయింది. దాని నిర్వహణను ఏళ్లుగా తకాషి ఇవాయ్ చూస్తున్నారు. యూఎస్‌బీ విభాగానికి గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ పెద్ద దిక్కు. యూఎస్‌బీ ఆడియో డ్రైవర్ ఈ రెండు విభాగాలు కలిసే సరిహద్దులో ఉంటుంది, ఊళ్ల పొలిమేర తగాదాల్లాగే ఇక్కడి దోషాలు కూడా ఎవరి వాటాకి వస్తాయో తేల్చడమే సగం పని.

యూఎస్‌బీ పరికరాన్ని గుచ్చగానే అది తన గురించి తాను చెప్పుకోవాలి. తయారీదారు సంఖ్య, ఉత్పత్తి సంఖ్య, నాలో ఎన్ని దారులున్నాయి, ఏ దారిలో ఎలాంటి సమాచారం పోతుంది, సెకనుకు ఎన్ని నమూనాలు (ధ్వనిని క్షణక్షణం కొలిచిన సంఖ్యలు) తీసుకోగలను: ఈ జాబితాను డిస్క్రిప్టర్ అంటారు. ఆడియో పరికరాలు ఎలా మాట్లాడాలో చెప్పే ఉమ్మడి ప్రమాణం మొదట 1998లో వచ్చింది, రెండో వెర్షన్ 2006లో, మూడోది 2016లో వచ్చాయి. పరికరం ఈ ప్రమాణాన్ని తూచా తప్పకుండా పాటిస్తే, లోకంలోని ఆడియో పెట్టెలన్నిటికీ ఒక్క డ్రైవర్ చాలు.

పాటించవు. మా జిల్లాలో మొలగొలుకుల బియ్యానికున్న పేరు అందరికీ తెలిసిందే. బస్తా మీద మొలగొలుకులు అని అచ్చు వేసి లోపల ఏ రకమో నింపినా, అన్నం వండి నోట్లో పెట్టుకునేదాకా బయటపడదు. డిస్క్రిప్టర్ బస్తా మీది అచ్చు, పరికరం లోపలి సరుకు. ఆడియో, యూఎస్‌బీ డ్రైవర్ల దోషాల్లో ఎక్కువ భాగం ఈ రెంటికీ పొంతన లేకపోవడం వల్ల పుట్టేవేనని నా అభిప్రాయం. తయారీదారు తన పెట్టెను తన సొంత డ్రైవర్‌తో పరీక్షించి చూసుకుంటాడు. ఆ డ్రైవర్‌కు పెట్టెలో ఏముందో ముందే తెలుసు కనుక అచ్చు చదవదు. లినక్స్ డ్రైవర్‌కు మాత్రం అచ్చు తప్ప వేరే ఆధారం లేదు.

రెండు గడియారాల గొడవ

మా చిటిక సంగతి అర్థం కావాలంటే ధ్వని యూఎస్‌బీలో ఎలా ప్రయాణిస్తుందో తెలియాలి. పెన్‌డ్రైవ్‌కు ఫైలు పంపినప్పుడు ఒక పొట్లం దారిలో చెడిపోతే మళ్లీ పంపుతారు. ఆలస్యమైనా ఫరవాలేదు, అక్షరం పోకూడదు. ధ్వనికి ఇది పనికిరాదు. చెడిపోయిన ముక్కను మళ్లీ పంపేలోగా దాని సమయం దాటిపోతుంది. అందుకే ఐసోక్రోనస్ అనే పద్ధతిలో ధ్వనిని పంపుతారు. అందులో సమయానికి చోటు కేటాయింపు ఉంటుంది, మళ్లీ పంపడం మాత్రం ఉండదు. ఫుల్ స్పీడ్ అనే పాత, నెమ్మది రకం యూఎస్‌బీలో ప్రతి 1 మిల్లీసెకనుకు ఒక విడత, అంతకన్నా వేగమైన హై స్పీడ్‌లో ప్రతి 125 మైక్రోసెకన్లకు ఒక విడత చొప్పున పొట్లాలు బయలుదేరుతాయి.

సెకనుకు 48,000 నమూనాల ధ్వని అయితే లెక్క సులువు: మిల్లీసెకనుకు 48, లేదా 125 మైక్రోసెకన్ల విడతకు 6. సీడీల కాలం నుంచి వస్తున్న 44,100 దగ్గరే తలనొప్పి. మిల్లీసెకనుకు 44.1 నమూనాలను పంపలేం కదా, కనుక తొమ్మిది విడతల్లో 44 చొప్పున, పదో విడతలో 45 పంపుతారు. ఈ కూడికను డ్రైవర్ ఒక్కచోట తప్పు చేసినా చెవికి తెలిసిపోతుంది.

ఇదంతా కంప్యూటర్ గడియారం ప్రకారం జరిగేది. ఆడియో పెట్టెలో మరో గడియారం ఉంది. అందులోని స్ఫటికం అదురుతూ, ఇప్పుడో నమూనా, ఇప్పుడో నమూనా అని హెడ్‌ఫోన్స్‌లోకి వదులుతుంది. రెండు గడియారాలూ 48,000 అనే అంటాయి, కానీ ఒకటి అనే 48,000కీ మరొకటి అనే 48,000కీ మధ్య లక్షకు అయిదు చొప్పున తేడా ఉండటం మామూలే. లక్షకు అయిదంటే సెకనుకు 2.4 నమూనాలు. వినడానికి ఏమీ కాదు. కానీ పెట్టె లోపల ముందుజాగ్రత్తగా దాచుకున్న నిల్వ ఒక మిల్లీసెకను సరుకు, అంటే 48 నమూనాలే అయితే, ఆ నిల్వ సరిగ్గా ఇరవై సెకన్లలో ఖాళీ అవుతుంది. ఖాళీ అయిన క్షణంలో 'టప్'.

కాలువల కింద సేద్యం చేసేవారికి ఇది కొత్త విషయం కాదు. కనిగిరి రిజర్వాయరు కాలువ మీద లస్కరు తూము తలుపును ఒక లెక్కకు ఎత్తి వెళ్లిపోతాడు. చివరి ఆయకట్టు రైతు వాడకం ఆ లెక్కకన్నా రవ్వంత ఎక్కువైతే, మొదటి రోజు ఎవరికీ తెలియదు, కొన్నాళ్లకు చేను బీటలు వారుతుంది. తక్కువైతే గట్టు తెగుతుంది. దీనికి మందు తలుపును ఇంకా కచ్చితంగా ఎత్తడం కాదు. రైతు నుంచి లస్కరుకు కబురు వెళ్లాలి: ఇంకొంచెం వదలండి, కాస్త తగ్గించండి అని.

యూఎస్‌బీ ఆడియోలో ఈ కబురును ఫీడ్‌బ్యాక్ అంటారు. తన గడియారం ప్రకారమే నడుస్తానని పట్టుబట్టే పరికరాన్ని అసింక్రనస్ రకం అంటారు, నాణ్యమైన పెట్టెలు చాలావరకు ఈ కోవవే. అలాంటి పరికరం ప్రత్యేకంగా ఒక చిన్న దారి పెట్టుకుని, విడతకు నాకు ఇన్ని నమూనాలు కావాలని కంప్యూటర్‌కు చెబుతూ ఉంటుంది. భిన్నాలతో సహా చెప్పాలి కనుక ఆ సంఖ్యను ఫుల్ స్పీడ్‌లో మూడు బైట్లలో, హై స్పీడ్‌లో నాలుగు బైట్లలో రాస్తారు. హై స్పీడ్ లెక్కలో పై పదహారు బిట్లు (బిట్టు అంటే 0 లేదా 1; ఎనిమిదైతే ఒక బైటు) పూర్ణాంకం, కింది పదహారు బిట్లు భిన్నం. ఫుల్ స్పీడ్ అమరిక వేరు. ఒక వేగంలో నడుస్తూ మరో వేగం అమరికలో సంఖ్య రాసే పరికరాలు కూడా ఉన్నాయి. లినక్స్ డ్రైవర్ తొలి కబురు అందగానే, ఆ సంఖ్య తాను ఊహించిన దానికి దరిదాపుల్లో ఉందా అని చూసి, లేకపోతే బిట్లను అటూ ఇటూ జరిపి సరిపెట్టుకుంటుంది. పరికరం మాట నమ్మకుండా దాని నడత చూసి అర్థం చేసుకునే ఈ చిన్న తెలివి నాకు ఎంతో నచ్చింది.

కబురు పంపడానికి మరో దారి కూడా ఉంది. మైకు నుంచి వచ్చే ధ్వని కూడా పెట్టె గడియారం ప్రకారమే వస్తుంది కదా. అటునుంచి ఒక విడతలో ఎన్ని నమూనాలు వచ్చాయో లెక్కపెట్టి, ఇటునుంచి సరిగ్గా అన్నే పంపితే చాలు, వేరే కబురు అక్కరలేదు. దీన్ని ఇంప్లిసిట్ ఫీడ్‌బ్యాక్ అంటారు. చెప్పకుండా చెప్పడం అన్నమాట. ఇది చదివినప్పుడే మా పెట్టె మీద అనుమానం మొదలైంది: రికార్డింగ్ శుభ్రంగా ఉండి, వినిపించేది మాత్రమే చెడుతోందంటే, వచ్చే దారిలో గడియారానికి గొడవే లేదు, పోయే దారిలోనే ఉంది.

అయిదా, ముప్పయ్యేడా?

మొదట కొలత. మైకు దారిని పది నిమిషాలు తెరిచి ఉంచి, వచ్చిన నమూనాలను కంప్యూటర్ గడియారంతో పోల్చి చూశాను. రావలసినవి 2,88,00,000. వచ్చినవి వాటికన్నా 1,440 ఎక్కువ. లక్షకు అయిదు. ఇరవై సెకన్ల చిటికకు సరిపోయే లెక్కే అది. అయితే కంప్యూటర్ సమయం చూపే గడియారమూ, యూఎస్‌బీ విడతలను నడిపే గడియారమూ ఒకటే కానక్కరలేదు కనుక, దీన్ని ఆధారంగా తీసుకోవాలే తప్ప రుజువు అనుకోకూడదు.

తరువాత బస్తా మీది అచ్చు చదివాను. లినక్స్‌లో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ అనే ఆదేశాన్ని వివరంగా అడిగితే డిస్క్రిప్టర్ మొత్తం బయటపెడుతుంది. ప్రతి దారికీ గుణాలు చెప్పే ఒక బైటు ఉంటుంది. అందులో చివరి రెండు బిట్లు రవాణా పద్ధతి, వాటి పక్కన రెండు బిట్లు గడియారం రకం, ఆ పక్కన రెండు బిట్లు ఆ దారి ఉపయోగం. పోయే దారి దగ్గర అసింక్రనస్ అని ఉంది, కానీ దానికి తోడుగా ఉండవలసిన ఫీడ్‌బ్యాక్ దారి లేదు. అలాంటప్పుడు మైకు దారి గుణాల బైటు విలువ 37 అయి ఉండాలి: ఐసోక్రోనస్, అసింక్రనస్, నా రాకను బట్టే లెక్క చూసుకోండి అని దాని అర్థం. మా పెట్టెలో అక్కడ 5 అని ఉంది. ఐసోక్రోనస్, అసింక్రనస్, మామూలు సరుకు. రెండు సంఖ్యలకూ తేడా ఒక్క బిట్టు. తయారీదారు ఆ బిట్టు వేయడం మరిచిపోయాడు. డ్రైవర్ అచ్చును నమ్మి, కబురు చెప్పేవాళ్లు ఎవరూ లేరనుకుని, తన గడియారం లెక్కన సెకనుకు 48,000 చొప్పున పంపుకుంటూ పోయింది.

అనుమానం సరైనదేనా అని తేల్చుకోవడానికి కెర్నల్‌ను తిరిగి కంపైల్ చేయనవసరం లేదు, అంటే కోడు నుంచి మళ్లీ కట్టుకోనవసరం లేదు. యూఎస్‌బీ ఆడియో డ్రైవర్ మాడ్యూల్‌కు, అంటే కెర్నల్‌లోకి విడిగా ఎక్కించి దించగల ముక్కకు, కొన్ని మీటలున్నాయి. వాటిలో ఒకటి, పరికరం చెప్పినా చెప్పకపోయినా ఇంప్లిసిట్ ఫీడ్‌బ్యాక్ వాడమని చెబుతుంది. అది పెట్టి మాడ్యూల్‌ను దించి మళ్లీ ఎక్కించాను. చిటిక పోయింది. గంటసేపు హార్మోనియం నడిపినా రాలేదు. స్ట్రీమ్ వివరాలు చూపే ఫైలు తెరిస్తే, 'ప్రస్తుత వేగం' అన్న చోట 48,002 కనిపిస్తోంది. పెట్టె తనకు కావలసినంతే అడిగి పుచ్చుకుంటోందన్నమాట.

ఇక్కడిదాకా రోగ నిర్ధారణ. శాశ్వత చికిత్స ఒకే ఒక్క పంక్తి. డ్రైవర్‌లో ఇలాంటి పరికరాలకు ఒక పట్టిక ఉంది. తయారీదారు సంఖ్య, ఉత్పత్తి సంఖ్య రాసి, ఈ పెట్టె నోటితో చెప్పకపోయినా ఇంప్లిసిట్ ఫీడ్‌బ్యాక్ రకమేనని ఆ పట్టికలో చేర్చడమే.

మొండి పరికరాల చిట్టా

ఇలాంటి సర్దుబాటును కెర్నల్ భాషలో క్విర్క్ అంటారు. తెలుగులో పెడసరం అంటే దగ్గరగా ఉంటుందేమో. యూఎస్‌బీ ఆడియో డ్రైవర్‌లో ఈ పెడసరాలకు ప్రత్యేకించి ఫైళ్లే ఉన్నాయి. వాటిని చదువుతుంటే తయారీ రంగం చేసిన పొరపాట్ల చరిత్ర చదువుతున్నట్టే ఉంటుంది. ప్రస్తుతం ఏ వేగంతో నడుస్తున్నావని అడిగితే జవాబు చెప్పలేని వెబ్‌క్యామ్‌లు ఉన్నాయి, వాటిని ఆ ప్రశ్న అడగవద్దని చిట్టాలో రాసి ఉంటుంది. రెండు ఆదేశాల మధ్య కాసేపు ఊపిరి పీల్చుకోనివ్వకపోతే బిగుసుకుపోయే పెట్టెలు ఉన్నాయి, వాటికి వేచి ఉండమని రాసి ఉంటుంది. 2021లో ఈ చిన్న చిన్న మినహాయింపులను చాలావరకు ఒక్కో బిట్టుగా మార్చి, మాడ్యూల్ మీట ద్వారా వాడుకరి కూడా వేసి చూసుకునే వీలు కల్పించారు. అంతకు ముందు చాలా మినహాయింపులను పరీక్షించాలంటే కోడు మార్చి కంపైల్ చేయాల్సి వచ్చేది. నా దృష్టిలో గత కొన్నేళ్లలో ఈ డ్రైవర్‌కు జరిగిన గొప్ప మేలు ఇదే, ఎందుకంటే ప్రోగ్రామింగ్ రాని మనిషి కూడా రోగ నిర్ధారణ చేయగలిగేలా అయింది.

వాల్యూమ్ విషయం ఇంకా తమాషాగా ఉంటుంది. ప్రమాణం ప్రకారం వాల్యూమ్‌ను డెసిబెల్‌లో 256వ వంతు చొప్పున కొలుస్తారు. కనిష్ఠం ఎంత, గరిష్ఠం ఎంత, ఒక్కో మెట్టు ఎంత అనే మూడూ పరికరమే చెప్పాలి. కొన్ని వెబ్‌క్యామ్‌ల మైకులు మెట్టు కొలతను తప్పు చెబుతాయి. దాంతో తెర మీద మీట ఎంత జరిపినా కొన్నిచోట్ల శబ్దంలో మార్పే ఉండదు. డ్రైవర్‌లో ఆ వెబ్‌క్యామ్ మోడళ్ల పేర్లు ఒక్కొక్కటే రాసి, వీటికి మెట్టు 384 అని స్థిరపరిచారు. 384 అంటే ఒకటిన్నర డెసిబెల్. ఎవరో ఒకరు ఓపిగ్గా మీట జరుపుతూ, ఎక్కడ నిజంగా శబ్దం మారుతోందో చూసి పట్టుకున్న సంఖ్య అయి ఉంటుంది.

అన్ని దోషాలకూ క్విర్కు మందు కాదు, అన్నీ అసలు దోషాలూ కావు. కెర్నల్ తన సందేశాలు రాసుకునే లాగ్‌లో -71 అనే ఎర్రర్ కనిపిస్తే కోడు తెరవకముందు వైరు మార్చి చూడటం మేలు, అది సంభాషణ తెగిపోయిందని చెప్పే సంకేతం. -28 మరీ మోసకారిది. దాని అధికారిక అర్థం 'పరికరంలో చోటు లేదు'. అది చూసి డిస్కు నిండిందనుకుని ఫైళ్లు చెరిపేసేవాళ్లు ఉంటారు. యూఎస్‌బీ ఆడియోలో ఆ సంఖ్య వస్తే, పరికరాలన్నీ పంచుకునే యూఎస్‌బీ దారిలో ముందస్తు కేటాయింపుకు చోటు చాలలేదని అర్థం. ఐసోక్రోనస్ పరికరాలు సినిమా హాల్లో సీట్లు రిజర్వు చేసుకున్నట్టు ముందే చోటు అడుగుతాయి. ఒక పోర్టును పలు పోర్టులుగా పంచే ఒకే హబ్‌కు వెబ్‌క్యామ్, ఆడియో పెట్టె రెండూ గుచ్చితే, ముందు వచ్చింది సీట్లన్నీ పట్టేసి రెండోదాన్ని గుమ్మం దగ్గరే నిలబెడుతుంది. రెంటినీ వేర్వేరు కంట్రోలర్ల (పోర్టులను నడిపే చిప్‌ల) పోర్టులకు మారిస్తే చాలాసార్లు తీరిపోతుంది.

వైరు పీకేసిన క్షణం

ఇప్పటిదాకా చెప్పినవి చెవికి తెలిసే దోషాలు. చెవికి తెలియనివి ఇంకా ప్రమాదకరం. పాట నడుస్తుండగా వైరు పీకేశారనుకోండి. అప్పటికే కొన్ని పొట్లాలు కెర్నల్ నుంచి బయలుదేరి దారిలో ఉంటాయి. పాట పాడించే ప్రోగ్రాము సౌండ్ కార్డు ఫైలును తెరిచి పట్టుకునే ఉంటుంది. పరికరం పోయింది కదా అని డ్రైవర్ దాని తాలూకు మెమరీని వెంటనే విడిచిపెడితే, దారిలో ఉన్న పొట్లం తిరిగొచ్చి ఆ పాత చిరునామాకే రాస్తుంది. ఖాళీ చేసిన అద్దె ఇంట్లో అప్పటికే మరొకరు దిగి ఉంటారు. రాసింది వాళ్ల గోడ మీద. కెర్నల్‌లో దీని పర్యవసానం ఒక్కోసారి వెంటనే కుప్పకూలడం, ఒక్కోసారి రెండు రోజుల తరువాత సంబంధం లేని చోట కుప్పకూలడం.

సరైన పద్ధతిలో వరుస ఇది: ముందు పరికరం పోయిందని గుర్తు పెట్టాలి, కొత్త పనులు ఒప్పుకోకూడదు, దారిలో ఉన్నవన్నీ తిరిగొచ్చేదాకా ఆగాలి, ఫైలు పట్టుకున్న ఆఖరి ప్రోగ్రాము వదిలాకే మెమరీ విడవాలి. చెప్పడానికి సులువుగా ఉన్నా, ఈ పనులన్నీ వేర్వేరు ప్రాసెసర్ల మీద ఒకేసారి జరుగుతుంటాయి కనుక, వరుస తప్పే సందు వెయ్యిసార్లలో ఒక్కసారే దొరకవచ్చు. మనిషి వైరు పీకి పట్టుకోగలిగేది కాదది. అందుకే విడిచిన మెమరీని తాకగానే కేక పెట్టే కేసన్ అనే కాపలాదారును కెర్నల్‌లో చేర్చి కంపైల్ చేస్తారు. గూగుల్‌లో పుట్టిన సిజ్‌కాలర్ అనే సాధనం ఇంకో అడుగు ముందుకు వేసి, వైరూ పెట్టే లేకుండానే, అబద్ధాలు చెప్పే యూఎస్‌బీ పరికరాలను సాఫ్ట్‌వేర్‌లోనే సృష్టించి కెర్నల్ మీదికి వదులుతుంది. దాని దెబ్బకు యూఎస్‌బీ డ్రైవర్లలో ఏళ్లుగా దాగిన తప్పులు కుప్పలుగా బయటపడ్డాయి.

అబద్ధాలు చెప్పే పరికరం ప్రయోగశాలకే పరిమితం కాదు. 2000ల తొలినాళ్లలో సౌండ్ బ్లాస్టర్ ఎక్స్‌టిజీ అనే బయటి సౌండ్ కార్డు వచ్చింది. దానికి ఒక పెడసరం ఉంది: గుచ్చాక ఒక ప్రత్యేక ఆదేశం పంపితే గానీ పూర్తి రూపంలోకి మారదు, మారాక డిస్క్రిప్టర్‌ను మళ్లీ చదవాలి. ఆ పని చేసే క్విర్క్ డ్రైవర్‌లో చాలా ఏళ్లుగా ఉంది. రెండోసారి చదివిన డిస్క్రిప్టర్‌ను అది నేరుగా మొదటిదాని మీదే రాసేది. మొదటిసారి 'నాలో ఒకే అమరిక (పనిచేసే తీరు) ఉంది' అని చెప్పిన పరికరం రెండోసారి 'చాలా ఉన్నాయి' అంటే? మొదటి లెక్కకే మెమరీ కేటాయించారు. పరికరాన్ని తీసేటప్పుడు శుభ్రం చేసే కోడు రెండో లెక్క ప్రకారం నడిచి హద్దు దాటుతుంది. నిజమైన ఎక్స్‌టిజీ అలా చేయదు. కానీ ఎక్స్‌టిజీ సంఖ్యలు చెప్పుకుంటూ వచ్చే పరికరం ఎక్స్‌టిజీయే అన్న హామీ ఎక్కడిది?

భద్రతా లోపాల ఉమ్మడి జాబితా అయిన సీవీఈలో ఈ దోషానికి సీవీఈ-2024-53197 అని సంఖ్య ఇచ్చారు. 2025 ఫిబ్రవరిలో మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ఒక నివేదికలో, సెర్బియాలో ఒక విద్యార్థి ఉద్యమకారుడి ఆండ్రాయిడ్ ఫోన్ తాళం తెరవడానికి వాడిన యూఎస్‌బీ డ్రైవర్ దోషాల గొలుసును బయటపెట్టింది. ఆ గొలుసులో ఇదీ ఒకటి. ఆండ్రాయిడ్‌లో నడిచేది లినక్స్ కెర్నలే కనుక, ఇరవై ఏళ్ల నాటి సౌండ్ కార్డు కోసం రాసిన కొన్ని పంక్తులు జేబులోని ఫోన్‌కు దొంగతాళం అయ్యాయి. ఆండ్రాయిడ్‌కు దీని దిద్దుబాటు 2025 ఏప్రిల్ భద్రతా నవీకరణలో వచ్చింది. దిద్దుబాటు చూస్తే మన పెద్దలు లెక్కల పుస్తకం రాసే తీరు గుర్తుకొస్తుంది: రెండోసారి వచ్చిన లెక్కను విడిగా చిత్తు కాగితం మీద రాసుకోవాలి, అమరికల సంఖ్య మొదటిదాన్ని మించలేదని చూసుకోవాలి, అప్పుడే అసలు పుస్తకంలోకి ఎక్కించాలి.

అందుకే పట్టికలో ఒక పంక్తి చేర్చడం చిన్న పనే అయినా, నిర్వాహకులు దాన్ని చిన్నచూపు చూడరు. పరికరం మొండితనాన్ని సర్దుకుపోయే ప్రతి పంక్తీ పరికరం మాటకు కొత్తగా తెరిచే తలుపు కూడా.

నిన్న బాగుండేది

ఇంకో జాతి దోషం ఉంది: పరికరంలో తప్పు లేదు, కెర్నల్ పాత వెర్షన్‌లో పనిచేసేది, కొత్తదానిలో మూగబోయింది. దీన్ని రెగ్రెషన్ అంటారు. పనిచేస్తున్నదాన్ని చెడగొట్టకూడదన్నది టోర్వాల్డ్స్ పట్టుబట్టే నియమం. కొత్త మార్పు ఎంత సబబైనదైనా, దాని వల్ల ఎవరి పెట్టె అయినా మూగబోతే మార్పునే వెనక్కి తీసుకుంటారు. కాకపోతే ఏ మార్పు వల్ల చెడిందో చూపించాలి. తొమ్మిది పది వారాలకొకసారి వచ్చే ఒక్కో వెర్షన్‌లో పదివేలకు పైగా మార్పులుంటాయి. వాటిలో ఒకదాన్ని పట్టుకోవడం ఎలా?

కోడు మార్పుల చరిత్రను దాచే గిట్ అనే సాధనంలో గిట్ బైసెక్ట్ అనే ఆదేశం ఇందుకోసమే ఉంది. మంచి వెర్షన్‌కూ చెడ్డ వెర్షన్‌కూ సరిగ్గా మధ్యనున్న మార్పు దగ్గర కెర్నల్ కట్టి, శబ్దం వస్తోందో లేదో చెప్పాలి. వస్తే దోషం రెండో సగంలో ఉంది, రాకపోతే మొదటి సగంలో. పదహారు వేల మార్పులైనా పద్నాలుగు సార్లలో తేలిపోతుంది. మా పాత ల్యాప్‌టాప్ మీద ఒక్కో కెర్నల్ కట్టడానికి గంట పైన పట్టేది, మధ్యాహ్నం కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి. అయినా దీనికి కోడు అర్థం కానక్కరలేదు, ఓపిక చాలు. శబ్దం వస్తోంది, రావడం లేదు అని పద్నాలుగు సార్లు నిజాయితీగా చెప్పగలిగిన మనిషి, నిర్వాహకుడికి వారం పని మిగులుస్తాడు.

దిద్దుబాటు కోడు కన్నా దాని వెంట రాసే వివరణకే ఎక్కువ సమయం పడుతుందన్నది నా అనుభవం. ఏం జరుగుతోంది, ఎందుకు, ఈ మార్పు దాన్ని ఎలా ఆపుతుంది అని రాయాలి. దోషం ఏ పాత మార్పుతో మొదలైందో తెలిస్తే దాని గుర్తు జతపరచాలి. చివర, ఇది పంపే హక్కు నాకుందని సంతకం పంక్తి పెట్టాలి. 2004 నుంచి ఈ సంతకం లేనిదే మార్పు తీసుకోరు. ముందు విభాగం నిర్వాహకుడు చూస్తాడు, అక్కడి నుంచి టోర్వాల్డ్స్ ప్రధాన శాఖకు వెళుతుంది, ఆ తరువాతే పాత వెర్షన్ల స్థిర శాఖలకు దిగుతుంది. ప్రధాన శాఖలో చేరని దిద్దుబాటును స్థిర శాఖల్లోకి సాధారణంగా రానివ్వరు, లేకపోతే పాతదానిలో నయమైన రోగం కొత్తదానిలో తిరగబెడుతుంది. లినక్స్‌ను ప్రోగ్రాములతో కలిపి సిద్ధం చేసి అందించే ఉబుంటు, డెబియన్ వంటి పంపిణీలు ఆ స్థిర శాఖల నుంచి తీసుకుని మన కంప్యూటర్లకు చేరుస్తాయి.

మా పంక్తి పంపినప్పుడు వచ్చిన మొదటి ప్రశ్న: 48,000 దగ్గర సరే, 44,100, 96,000 దగ్గర కూడా చూశారా? చూడలేదు. మా గదిలో ఆ వేగాల అవసరం ఎప్పుడూ రాలేదు. మళ్లీ కూర్చుని రెంటినీ గంట చొప్పున నడిపాను. 96,000 దగ్గర బాగానే ఉంది. 44,100 దగ్గర, వేగం మార్చిన తరువాత మొదటి రెండు సెకన్లు గరగర వచ్చి సర్దుకుంది. అది ఇంప్లిసిట్ ఫీడ్‌బ్యాక్ వల్ల వచ్చిందా, వేగం మార్చాక పెట్టె కుదురుకోవడానికి తీసుకునే సమయమా అని తేల్చడానికి, వేచి ఉండమనే క్విర్క్ మీటను విడిగా వేసి చూశాను. గరగర పోయింది. కనుక ఒక్క పంక్తి కాస్తా రెండు పంక్తులైంది, రెండూ వేర్వేరు మార్పులుగా, వేర్వేరు వివరణలతో పంపవలసి వచ్చింది.

అవి మా పంపిణీ కెర్నల్‌లోకి వచ్చేదాకా మాడ్యూల్ మీటను ఒక చిన్న ఫైలులో రాసి ఉంచాను. మాస్టారుకు ఈ కథంతా చెప్పలేదు. హెడ్‌ఫోన్స్ ఇచ్చాను. రాగం ఎత్తుకుని, ఇరవై సెకన్లు దాటాక కళ్లు తెరిచి ఒకసారి నా వైపు చూసి, మళ్లీ మూసుకుని పాడుతూ పోయారు.